జీతం పెంచితే సోషల్ వర్కర్లు ఆగిపోతారా?

హైదరాబాద్ స్వచ్ఛంద సంస్థల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "సోషల్ వర్కర్లు మానేసేది జీతం చాలకే. స్వేచ్ఛ ఇస్తే ఫీల్డు ఎగ్గొడతారు. పోతే పోనీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవాళ్లు బోలెడుమంది."

జీతం సంగతి సగం నిజం. కన్సాలిడేటెడ్ పేతో (అలవెన్సులు లేని ఒకే మొత్తం జీతం), ఏటేటా కాంట్రాక్టు రెన్యువల్ భయంతో ఇల్లు గడవడం కష్టమే. కానీ పని భారం ఎక్కువై, దాన్ని ఎలా చేయాలన్నది తన చేతిలో లేనప్పుడే మనిషి బాగా నలిగిపోతాడని 1979లోనే రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు అమెరికా, స్వీడన్ ఉద్యోగుల సర్వేలతో చూపించాడు. జీతం పెంచినంత మాత్రాన ఆ నలుగుడు పోదు.

ఇక స్వేచ్ఛ. సంరక్షణ అవసరమైన పిల్లల కేసుల్లో సామాజిక విచారణ (పిల్ల ఇంటి పరిస్థితులు కనుక్కుని రిపోర్టు ఇవ్వడం) 15 రోజుల్లో పూర్తికావాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే చెప్పింది. రిపోర్టుకి 2016 నమూనా నియమాల్లో ఫారం 22 ఉంది. గడువునీ ఫారాన్నీ మార్చమని ఎవరూ అడగడం లేదు. ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోనివ్వమంటున్నారు, అంతే. బోరబండలో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లి రాత్రి 7 దాటితే గానీ దొరకదు. ఆఫీసుకేమో పొద్దున 11కల్లా జీపీఎస్ ఫొటో, సాయంత్రం 5:30కి బయోమెట్రిక్ పడాలి. వర్కర్ ఏం చేస్తుంది? తాళం వేసిన తలుపు ఫొటో పెట్టి 'విజిట్ అయింది' అంటుంది, పక్కింటామె చెప్పిందే రాసుకొస్తుంది. ఈ కేసులు తేల్చే బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ఆ రిపోర్టు తిప్పి పంపుతుంది. మళ్లీ భరత్‌నగర్ మెట్రో, మళ్లీ షేర్ ఆటో. ఎగ్గొట్టడం అంటే ఇదే, నేర్పింది ఆఫీసే.

బోలెడుమంది దొరుకుతారా? డిగ్రీలు దొరుకుతాయి. అంగన్‌వాడీ టీచరు, స్కూలు హెచ్చెమ్, స్టేషన్లో మాట వినే కానిస్టేబుల్ నంబర్లు మాత్రం మానేసినామె ఫోన్‌తోనే పోతాయి. పిల్ల కొత్త మనిషికి జరిగిందంతా మొదటినుంచీ చెప్పాలి. చాలాసార్లు చెప్పదు.

అలాగని వర్కర్ని ఒంటరిగా వదిలేసి దానికి స్వేచ్ఛ అని పేరు పెడితే ఇంకా ప్రమాదం. పిల్లని ఇంటికి పంపాలా, హోంలో ఉంచాలా అన్నది కమిటీ నిర్ణయమే, అలాగే ఉండాలి. వర్కర్ చేతికి ఇవ్వాల్సినవి చిన్నవే: వారం షెడ్యూలు తనే వేసుకోవడం, రాత్రి విజిట్‌కి తోడు మనిషి, మర్నాడు ఆలస్యంగా వచ్చే వీలు, పెట్టీ క్యాష్‌లోంచి 500 రూపాయల దాకా అడక్కుండా వాడి తర్వాత బిల్లు పెట్టడం. ఆమె సిఫారసును పైవాళ్లు మారిస్తే కారణం ఫైల్లో రాసి సంతకం చేయాలి. రెండు వారాలకోసారి సూపర్‌వైజర్ ఓ గంట కూర్చుని కేసుల గురించే మాట్లాడాలి, ఆ గంటలో హాజరు ఊసెత్తకూడదు.