మన మైదానాల స్కోర్లు ఏ టూల్‌కీ ఎందుకు దొరకవు?

ఏఐ ఏజెంట్లు, అంటే మన తరఫున తామే వెతికి పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాములు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితాలు వెతుక్కోవడానికి ప్రత్యేకంగా టూల్స్ వస్తున్నాయి. "ఫోన్‌లో కొడితే స్కోరు వచ్చేస్తుంది కదా, దీనికో సాఫ్ట్‌వేర్ ఎందుకు?" అని మా అనంతపురం ఫ్రెండ్స్ తీసిపారేస్తున్నారు. నేను ఒప్పుకోను.

ఏఐ మోడల్ చదువు ఒక తేదీ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత జరిగిన మ్యాచ్ గురించి దానికేమీ తెలియదు. అయినా అడిగితే 2-1 అని తడుముకోకుండా చెప్పేయగలదు. ఫుట్‌బాల్‌లో అంకెలు చిన్నవి, అందుకే కల్పించిన స్కోరు కూడా నిజంలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. టూల్ ఉంటే ఏజెంట్ ఊహించాల్సిన పని లేదు. జట్టు, తేదీ ఇచ్చి డేటాబేస్‌ను అడుగుతుంది. ఉంటే తెస్తుంది, లేకపోతే లేదని చెప్పాలి. ఆ "లేదు" అనే జవాబు నాకు చాలా ముఖ్యం.

ఫలితం అంటే రెండు అంకెలే అనుకుంటే పొరపాటు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ ఆడింది. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. టూల్ అంతవరకే చెప్తే అది డ్రా. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనవాళ్లది. అదే ఏడాది డిసెంబరులో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌కైతే మూడు స్కోర్లు కావాలి: 90 నిమిషాలకు 2-2, అదనపు సమయం తర్వాత 3-3, పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2. ఇక తేదీల గొడవ వేరే. స్పెయిన్‌లో మంగళవారం రాత్రి 9కి మొదలైన మ్యాచ్ చలికాలంలో మనకు బుధవారం తెల్లవారుజామున 1:30. "నిన్నటి మ్యాచ్" అంటే ఏ రోజుదో టూల్‌కు తెలిసి ఉండాలి.

ఇవన్నీ సరిచేయగలిగేవే, చేస్తారు కూడా. నా బాధ వేరే ఉంది.

ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని మా జిల్లాలో పల్లెల్లోని ఆడపిల్లలు కూడా బూట్లు కట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఎండలో, దుమ్ములో మ్యాచ్ అవుతుంది. రిఫరీ కాగితం మీద స్కోరు రాస్తాడు. ఎవరో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఫోన్ మారితే ఆ ఫోటో పోతుంది, దాంతో ఆ మ్యాచ్ జరిగినట్టు ఆధారమే ఉండదు. సర్టిఫికెట్‌లో చాలాసార్లు "పాల్గొన్నారు" అన్న మాటే మిగులుతుంది. రేపు ఏ కోచో, ఏ కాలేజీయో ఏజెంట్‌ను అడిగితే "వివరాలు లేవు" అంటుంది. టూల్ తప్పేమీ లేదు, ఎవరూ రాయనిది అదెక్కడి నుంచి తెస్తుంది?

రాస్తే నిలబడుతుంది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ టోర్నీ సంతోష్ ట్రోఫీ గెలిచిందని ఇవాళ మనం చూసుకోగలుగుతున్నామంటే పాత స్కోర్లు ఓపిగ్గా పోగుచేసిన వాళ్లుండబట్టే. ఆర్ఎస్ఎస్ఎస్ఎఫ్ అనే బృందం 1994 నుంచి ఆ పని చేస్తోంది, అందరూ స్వచ్ఛందంగానే. ఓపెన్‌ఫుట్‌బాల్ అనే ప్రాజెక్టులో మ్యాచ్ వివరాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు. దీనికి పెద్ద సర్వర్లేం అక్కర్లేదు.

మనకు మన చిక్కులూ ఉన్నాయి. అనంతపూర్, అనంతపురం, అనంతపురము అని రాస్తే మెషిన్‌కు మూడు జట్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పాత మ్యాచ్‌లో అనంతపురం జిల్లా జట్టుగా ఆడిన ధర్మవరం, కొత్త మ్యాచ్‌లో వేరే జిల్లా జట్టు. ఇది తెలిసిన మనిషి ఇక్కడే ఉంటాడు, టూల్ రాసే కంపెనీలో ఉండడు. అందుకే మన మ్యాచ్‌ల స్కోర్లు ఒక షీట్‌లో రాసిపెట్టే పని మనమే చేయాలి.

పిల్లల పేర్లు మాత్రం పెట్టొద్దు. వాళ్లు మైనర్లు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పేరు రాకూడదు. తేదీ, మైదానం, రెండు జట్లు, హాఫ్‌టైమ్ స్కోరు, చివరి స్కోరు, పెనాల్టీలు ఉంటే అవి, వాయిదా పడిందా, అవతలి జట్టు రాక వాకోవర్ ఇచ్చారా అన్నది, ఎక్కించింది ఎవరు అన్నది ఉంటే చాలు. రిఫరీ సంతకం ఉన్న కాగితం ఫోటో కూడా దాచిపెట్టాలి, ఎవరైనా కాదంటే చూపించడానికి.

షీట్ నమూనా నేను తయారు చేశాను. మా గ్రౌండ్‌లో జరిగే మ్యాచ్‌లు ఈ సీజన్ నుంచి నేనే ఎక్కిస్తాను. గుంతకల్లు, తాడిపత్రి, కదిరి వైపు కోచ్‌లు, పీఈటీ సార్లు, మేడమ్‌లు ఎవరైనా ముందుకొస్తే కామెంట్ పెట్టండి, పంపిస్తాను. పాత స్కోరు షీట్లు బీరువాల్లో ఉంటే దయచేసి పారేయకండి, ముందు ఫోటోలు తీయండి.