సర్కిల్ బ్యాక్ అంట, ఆ మాట లారీ ఓనరుకి చెప్పండి చూద్దాం

ఒడిశాలో మా బరంపురంలో ఏ వీధి మలుపు తిరిగినా ఇప్పుడు ఒకటే రకం బోర్డులు, స్పోకెన్ ఇంగ్లీష్, కార్పొరేట్ కమ్యూనికేషన్, మీటింగ్ స్కిల్స్, ఇంటర్వ్యూ గ్యారంటీ. మా మేనల్లుడు కూడా ఒకదానికి వెళ్తున్నాడు, బీటెక్ అయిపోయింది, హైదరాబాదు నుంచి ఏదో ఒక కాల్ రాకపోతుందా అని ఆశ. మొన్న ఇంటికొచ్చినప్పుడు వాడి బ్యాగులో జిరాక్స్ కాయితాల కట్ట ఒకటి చూశాను, బిజినెస్ మీటింగుల్లో వాడాల్సిన ఇంగ్లీషు మాటలంట. సినర్జీ, లెవరేజ్, బ్యాండ్‌విడ్త్, డీప్ డైవ్, లో హ్యాంగింగ్ ఫ్రూట్, టచ్ బేస్, సర్కిల్ బ్యాక్, లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్... వాడు కూర్చుని బట్టీ పట్టేస్తున్నాడు పాపం. కట్టంతా తిరగేశాను, కోరం (మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన కనీస మంది) లేదు, రిజల్యూషన్ (తీర్మానం) లేదు, డిసెంట్ (ఒప్పుకోనని చెప్పడం) లేదు, ప్రాక్సీ (మన బదులు వెళ్ళి ఓటేసే మనిషి) లేదు, మినిట్స్ (మీటింగులో జరిగింది రాసుకునే రికార్డు) అనే మాట ఎక్కడో ఒక మూల ఉంది అంతే. ఈ పోస్టు రాయడానికి కారణం అదే, కొంచెం పొడుగవుతుంది, టైమ్ ఉన్నవాళ్ళే చదవండి.

నా లెక్కలో మీటింగ్ ఇంగ్లీషులో రెండు జాతుల మాటలున్నాయి. ఒక జాతి మనిషిని కట్టిపడేసేవి, ఈ పని ఎవరు చేస్తారు, ఏ తారీకులోపల చేస్తారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అని కాయితం మీద పెట్టించేవి. రెండో జాతి జారిపోవడానికి పనికొచ్చేవి. మన పిల్లల దగ్గర డబ్బులు తీసుకుని మరీ నేర్పిస్తున్నది ఈ రెండో జాతి.

నేను డిస్పాచ్‌లో, అంటే లారీల్లో మాలు పంపించే చోట పనిచేస్తాను, కంపెనీ పేరు అడక్కండి. ప్రతి సోమవారం పొద్దున్న టీమ్స్‌లో వీడియో కాల్ ఉంటుంది, పైవాళ్ళంతా ముంబైలో, మేం ఇక్కడ గోడౌన్ పక్క గదిలో ఒక ల్యాప్‌టాప్ ముందు కుర్చీలు దగ్గరగా లాక్కుని. లారీలవాళ్ళ బిల్లులు నెలలుగా ఆగిపోయాయని చెప్పాను. "గుడ్ పాయింట్, లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్" అన్నారు. అంటే తర్వాత ఫోన్‌లో విడిగా మాట్లాడుకుందాం అని కదా, ఆ ఫోన్ ఇప్పటిదాకా రాలేదు. తర్వాతి సోమవారం మళ్ళీ అడిగితే ఫైనాన్స్ టీమ్‌కి ఇప్పుడు బ్యాండ్‌విడ్త్ లేదు, వి విల్ సర్కిల్ బ్యాక్ ఆన్ దిస్, అంటే తీరిక లేదు, తర్వాత ఎప్పుడో మళ్ళీ చూద్దాం అని. ఆ మధ్యాహ్నమే లారీ ఓనరు ఇచ్ఛాపురం నుంచి ఫోను.

"ఏటి బాబూ, మీ పెద్దోళ్ళతో మాటాడినారా?"

"మాట్లాడేం అండీ."

"ఏటన్నారు మరి? ఇక్కడ డీజిల్ బంకోడు నన్ను నిలబెట్టి అడుగుతున్నాడు."

ఏం చెప్పమంటారు నన్ను? నోటికొచ్చిన బ్యాండ్‌విడ్త్‌ని మింగేసి, "ఇస్తామన్లేదు, ఇవ్వమని కూడా అన్లేదు" అన్నాను. ఆయన నవ్వేసి, "ఆ ముక్కే ఆళ్ళ చేత కాయితం మీద రాయించీ బాబూ, మరి నాకేటీ అక్కర్లేదు" అన్నాడు. జన్మలో ఒక్క కాన్ఫరెన్స్ కాల్‌లో కూర్చోని మనిషి మినిట్స్ ఎందుకుండాలో అంత సూటిగా చెప్పేశాడు, మా ముంబై వాళ్ళకి మాత్రం ప్రతి వారం పీపీటీ కావాలి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ ఈ పొగమాటలు తగ్గిపోతాయి. కంపెనీల చట్టం 2013 తీసి చూడండి. బోర్డు మీటింగులు మామూలుగా ఏడాదికి కనీసం 4 జరగాలి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 120 రోజులు దాటకూడదు. కోరం అంటే డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. మీటింగ్ అయిన 30 రోజుల్లోపల మినిట్స్ రికార్డులోకి ఎక్కాలి, ఏ తీర్మానానికి ఏ డైరెక్టర్ ఒప్పుకోలేదో వాళ్ళ పేరు అందులో ఉండాలి, డిసెంట్ అంటే అదే. ఆ మినిట్స్‌ని ఎవడైనా తారుమారు చేశాడని రుజువైతే 2 ఏళ్ళ దాకా జైలు, పైగా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా. మా సోమవారం కాల్‌కి ఈ సెక్షన్లు వర్తించవని నాకూ తెలుసు, ఎవరూ కామెంట్లలో వచ్చి పాఠం చెప్పక్కర్లేదు, అవి బోర్డు మీటింగులకీ షేర్‌హోల్డర్ల మీటింగులకీ. నేననేది ఏంటంటే, డబ్బు నిజంగా చేతులు మారే చోట పెద్దవాళ్ళు వాళ్ళ కోసం ఎలాంటి మాటలు పెట్టుకున్నారో చూడండి. ఆ మినిట్స్ పుస్తకంలో సర్కిల్ బ్యాక్ అని రాయమనండి, ఆడిటర్ ఊరుకుంటాడా? గట్టి మాటలు పైన పెట్టుకుని కింద మనకి సినర్జీ పంచుతున్నారు.

ఇక మా వదిన సంగతి. పర్లాకిమిడిలో ఉంటుంది, ఏడో క్లాసు దాకా చదివింది, వాళ్ళ వీధి మహిళా సంఘానికి సెక్రటరీ. ఒడిశాలో మహిళా సంఘాల కోసం సర్కారు పెట్టిన మిషన్ శక్తి 2001లో మొదలైంది కదా, అప్పట్నుంచి ఇక్కడ ఊరూరా సంఘాలే. వాళ్ళకి పంచసూత్రాలని ఉంటాయి, మానకుండా మీటింగ్ పెట్టాలి, మానకుండా పొదుపు కట్టాలి, సంఘంలోపలే అప్పులు ఇచ్చుకోవాలి, వాయిదాలు టైముకి తీర్చాలి, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయాలి. మాట్లాడుకునేది సగం తెలుగు సగం ఒడియా, పుస్తకం ఒడియాలో. కానీ రిజల్యూషన్ అనే మాట వదిన నోట ఉప్పూ చింతపండూ అన్నంత మామూలుగా వస్తుంది, ఎందుకంటే బ్యాంకులో ఖాతా తెరవాలన్నా లోన్ అడగాలన్నా సంఘం రిజల్యూషన్ కాపీ పట్రమ్మంటారు, కింద అందరి సంతకాలో వేలిముద్రలో ఉండాలి. ఒకసారి అడిగాను, వదినా మీ మీటింగులో ఎవరైనా 'తర్వాత చూద్దాంలే' అంటే ఏం చేస్తారు అని. "తర్వాతంటే ఏ వారమో చెప్పీమంటాం బాబూ, పుస్తకంలో ఎక్కించీస్తాం, ఆ వారం మళ్ళీ అడుగుతాం" అంది, ఇందులో అడగడానికి ఏముంది అన్నట్టు. నాలుగు ముక్కల్లో డెడ్‌లైన్, మినిట్స్, ఫాలోఅప్ అన్నీ అయిపోయాయి. మా మేనల్లుడి కోర్సు ఫీజు వింటే వదిన ఆ డబ్బుతో కుట్టుమిషను కొనేసేది.

పెద్దదీ, ఈ జిల్లాల వాళ్ళకి కొత్త కానిదీ ఇంకో మీటింగ్ సంగతి చెప్తాను. నియమగిరి. లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ రిఫైనరీకి నియమగిరి కొండమీది బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, కావాలన్న కేసులో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కొండ మీద హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలి అంది. ఆ వర్షాకాలంలోనే రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళలో సభలు పెట్టారు, జిల్లా జడ్జి కూర్చుని చూశాడు, ఆ కొండమీద బతికే గిరిజనులు డోంగ్రియా కొంధులు ఒక్కొక్కరే లేచి కొండ మాదెందుకో వాళ్ళ మాటల్లో చెప్పారు, అది రికార్డయింది. 12కి 12 సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి లేదని చెప్పేసింది. గని మంచిదా చెడ్డదా అనే గొడవలోకి నేను వెళ్ళను, దాని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. నేను చూసేది ఆ మీటింగుల పద్ధతి. నోటీసు ఉంది, అజెండా ఒక్కటే, వచ్చినవాళ్ళ లెక్క ఉంది, చెప్పిన మాట చెప్పినట్టు రాసుకున్నారు, చివర తీర్మానం. ఎవరూ డీప్ డైవ్ చెయ్యలేదు, ఎవరూ ఆఫ్‌లైన్ తీసుకోలేదు.

అలాంటి చోట బతుకుతున్నవాళ్ళకి, సార్, కమ్యూనికేషన్ రాదంట. నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్న హమాలీలతో ఒడియా, బీహార్ డ్రైవర్‌తో హిందీ, ఓనర్లతో మన శ్రీకాకుళం యాస, ఆర్టీవో వాళ్ళతో అవసరాన్నిబట్టి ఏది పనిచేస్తే అది, సాయంత్రం ముంబైకి ఇంగ్లీషులో మెయిలు. ఇవన్నీ చేసి మాలు టైముకి పంపిస్తే ఏడాది చివర అప్రైజల్ ఫారంలో ఏం రాస్తారు, నీడ్స్ టు ఇంప్రూవ్ కమ్యూనికేషన్. నాలుగు భాషల్లో తిట్టగలను మేడమ్, ఏ భాషలో ఇంప్రూవ్ చెయ్యాలో చెప్పండి.

పోనీ ఆ మాటలు ఎక్కడివి అంటే వాటి కథ ఇంకా కామెడీ. బాల్‌పార్క్ ఫిగర్ అంటారు, సుమారు లెక్క చెప్పమని. బాల్‌పార్క్ అంటే అమెరికాలో బేస్‌బాల్ ఆడే మైదానం. గంజాం జిల్లాలో బేస్‌బాల్ ఆడేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. టేబుల్ చెయ్యడం అని ఇంకోటుంది, ఇది కామెడీ దాటిపోయింది. బ్రిటిష్ వాళ్ళకీ, మన పార్లమెంటులోనూ టేబుల్ చెయ్యడం అంటే చర్చకి ముందు పెట్టడం, అమెరికా వాడికి పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులు ఈ ఒక్క మాట పట్టుకుని చాలాసేపు కొట్టుకున్నారని, చివరికి చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ రాసుకున్నాడు. మరి ఇంగ్లీషు సొంత భాషైన వాళ్ళకే ఇలా అయితే, మా వాడు ప్రీపోన్ అన్నాడని క్లాసులో నవ్వడం ఏంటి? ప్రీపోన్ ఎక్కువగా మన దేశంలో వాడే మాటే, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది. మీటింగ్ ముందుకి జరిపారని ఒక్క ముక్కలో అర్థమవుతుంది, పనికొచ్చే మాట. నవ్వాల్సింది ఈఓడీ, అంటే ఎండ్ ఆఫ్ డే, రోజు ముగిసేలోపల అన్నప్పుడు. ఎవరి ఈఓడీ సార్, మీదా, మా గోడౌన్‌దా, అమెరికా కస్టమర్‌దా?

నాకు ఇంగ్లీషు మీద పగేమీ లేదు, ముందే చెప్తున్నా. తెలుగులోనే మీటింగులు పెట్టాలి అనే బ్యాచ్ కూడా కాదు, మా ఆఫీసులో తెలుగులో పెడితే సగం మంది లేచి వెళ్ళిపోతారు, ఒడియాలో పెడితే ముంబై లేచి వెళ్ళిపోతుంది. ఇంకొకరంటారు, ఆ జార్గన్ రాకపోతే ఇంటర్వ్యూలో పోతుంది కదా అని. కొంత నిజమే. అందుకే మేనల్లుడికి చెప్పాను, ఆ కట్టలో మాటలన్నీ వినడానికి నేర్చుకో, ఎదుటివాడు ఎప్పుడు జారుకుంటున్నాడో పట్టుకోడానికి పనికొస్తాయి. మాట్లాడ్డానికి మాత్రం వేరేవి నేర్చుకో.

"వేరేవంటే ఏంటి మావయ్యా?" అన్నాడు.

పదో క్లాసు గ్రామర్‌తో అయిపోయేవే. సారీ, ఐ డిడ్ నాట్ ఫాలో, ప్లీజ్ సే దట్ అగైన్. సో హూ విల్ డూ దిస్, అండ్ బై విచ్ డేట్? లెట్ మి రీడ్ బ్యాక్ వాట్ వి డిసైడెడ్. ఐ డోంట్ అగ్రీ, ప్లీజ్ నోట్ ఇట్ ఇన్ ద మినిట్స్. ఇవి నోరు తిరగని మాటలేం కాదు, అనడానికి నోరు పెగలని మాటలు. పెద్ద సార్ మాట్లాడుతుంటే మధ్యలో ఆపి తారీకు అడగాలంటే మన పిల్లలకి గొంతు ఎండిపోతుంది, ఇంట్లో స్కూల్లో అలా పెంచాం మరి, పెద్దవాళ్ళ మాటకి అడ్డం రాకూడదని. ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు ప్రాక్టీసు చేయించాల్సింది దీన్ని. మా వాడు మొన్న క్లాసులో ఉత్తుత్తి మీటింగు పెట్టినప్పుడు బై విచ్ డేట్ సర్ అని అడిగాడంట, అగ్రెసివ్ టోన్ అని రెండు మార్కులు కోసేశారంట! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇదే ఊళ్ళో పుట్టిన మనిషి వి.వి.గిరి. రాష్ట్రపతి అయ్యాక అందరికీ తెలుసు గానీ, అంతకుముందు ఎన్నో ఏళ్ళు రైల్వే యూనియన్లూ కార్మికుల మీటింగులే. యజమానీ కార్మికులూ ముందు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, పంచాయితీ కోర్టుదాకా వెళ్ళడం ఆఖరున అనేది ఆయన వాదన, గిరి అప్రోచ్ అని దానికి పేరే పడిపోయింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డుని, అంటే వాళ్ళ తగువు మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని, ప్రభుత్వం మార్చేసిందని కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేశాడు. తీర్పు ఒకటి రాసుకుని తర్వాత దాన్ని దిద్దుకుంటే కుర్చీ వదిలేసిన మనిషి పుట్టిన ఊళ్ళో, తారీకు అడిగిన కుర్రాడికి మార్కులు కోత.

బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం, ఎక్కడైనా ఇలాంటి సెంటర్ నడిపేవాళ్ళు ఇది చదువుతుంటే కోపం తెచ్చుకోకండి, ఒక పని చెయ్యండి. ఆ జిరాక్స్ కట్ట ఒకరోజు పక్కన పెట్టి పిల్లల్ని వ్యాన్ ఎక్కించి పర్లాకిమిడి తీసుకెళ్ళండి, వదినని అడిగి సంఘం మీటింగులో ఒక మూల కూర్చోబెట్టిస్తాను. మధ్యాహ్నం రెండింటికి మొదలు. లేటుగా వస్తే ఫైన్ ఉంది, ట్రైనర్లక్కూడా.