ఐదు గళ్ల దొరగారికి ఆరు లైన్ల అర్జీ

మహారాజశ్రీ వర్డిల్ గారికి,

ఉభయకుశలోపరి. రోజుకో ఐదక్షరాల ఇంగ్లిషు మాటను దాచిపెట్టి ఆరు లైన్లలో కనుక్కోమనే ఆట కదా మీరు. అక్షరం సరైన చోట పడితే పచ్చ, మాటలో ఉన్నా చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద. మీరు కులాసాగానే ఉన్నారని రోజూ పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో తెలుస్తూనే ఉంది. మా మరిది మూడో లైన్లోనే కొట్టేశాడట. తోటికోడలికి నాలుగు పట్టాయట. ఊళ్లో ఉన్న మామయ్యగారికి ఆరూ అయిపోయి ఎక్స్ పడిందట. ఎవరికి బీపీ ఎంత, ఎవరికి షుగర్ ఎంత అన్న సంగతి ఆ తర్వాతే. పచ్చ, పసుపు, బూడిద రంగు గళ్లు వరసగా దిగితే గానీ ఆ గ్రూపులో ఎవరికీ కాఫీ గొంతు దిగడం లేదు.

మీ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కునే ఈ అర్జీ రాస్తున్నాను. బ్రూక్లిన్‌లో ఉండే జాష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, పదాల ఆటలంటే ఇష్టపడే తన సహచరి కోసం మిమ్మల్ని తయారుచేశారు. తన ఇంటిపేరునే కాస్త వంచి మీకు పెట్టారు. ఇంగ్లిషులో ఐదక్షరాల మాటలు పన్నెండు వేల దాకా తేలితే, మామూలు మనిషికి తెలిసినవి ఏవో ఆవిడే కూర్చుని ఏరారు. సుమారు 2,500 మిగిలాయి. ఒకరు ఏరి పెడితే ఇంకొకరు వండారన్నమాట. 2021 నవంబరు 1న మిమ్మల్ని ఆడినవాళ్లు 90 మంది. 2022 జనవరి 2 నాటికి మూడు లక్షలు. ఆ నెలాఖరుకే న్యూయార్క్ టైమ్స్ వాళ్లు ఏడంకెల డాలర్లు పోసి మిమ్మల్ని కొనుక్కుపోయారు. ఇంత వైభవం వచ్చాక కూడా మీ పిసినారితనం మాత్రం పోలేదు. రోజుకు ఒక్కటే కొత్త మాట. మారు అడిగినా పెట్టరు. మా వైపు పెళ్లి బంతుల్లో స్వీటు వడ్డించే బాబాయి మీకంటే చాలా నయం.

ఇక నా గోడు. మా తరానికి ఇంగ్లిషు స్పెల్లింగ్ అంటే డిక్టేషన్, తప్పితే ఇంపొజిషన్. బెత్తం పట్టుకున్న మాస్టారు ఎదురుగా నిలబడితే వచ్చిన అక్షరాలు కూడా రాకుండా పోయేవి. బడి వదిలాక ఆ పీడ వదిలిందని అందరం సంతోషించాం. అలాంటి వాళ్లం ఇప్పుడు ఎవరూ కొట్టకుండా, ఎవరూ పిలవకుండా, మాకు మేమే లేచి వచ్చి మీ ముందు డిక్టేషన్‌కి కూర్చుంటున్నాం. మాస్టారు కనీసం మాట పైకి చదివేవారు. మీరు అదీ చెయ్యరు. ప్రశ్న ఉండదు. జవాబు రాస్తే, అది ఎంత తప్పో రంగులేసి చూపిస్తారు.

పోనీ ఏ ఇంగ్లిషు రాయాలో అయినా తేల్చారా? 2022 జనవరిలో 'ఫేవర్' పెట్టారు, మధ్యలో యు లేకుండా. ఫిబ్రవరిలో 'హ్యూమర్', అదీ అలాగే. లండన్‌లో జనం గగ్గోలు పెట్టారు. మే నెలలో 'హోమర్' అన్నారు. బేస్‌బాల్‌లో హోమ్ రన్‌కి అమెరికావాళ్లు పెట్టుకున్న ముద్దుపేరట. అదేమిటో వెతుక్కుంటూ లోకమంతా మీదపడేసరికి కేంబ్రిడ్జి నిఘంటువు వాళ్లు ఆ ఏడాది మాటగా దాన్నే ప్రకటించాల్సి వచ్చింది. ఇంగ్లండు వాళ్ల బాధ ఒక్కరకం. మా బాధ రెండు రకాలు. బళ్లో యు లేకపోతే మార్కు తీసేశారు. ఉద్యోగంలో చేరాక యు ఉంటే కంప్యూటర్ దాని కింద ఎర్రగీత గీసింది. ఏ దొరగారి స్పెల్లింగైనా సరే, చీవాట్లు మాత్రం మాకే.

అన్నిటికంటే ఘోరం ఐ జీ హెచ్ టీతో ముగిసే మీ మాటలు. మొదటి గడి ఖాళీ, మిగతా నాలుగూ పచ్చ. చూసినవాళ్లు అబ్బో అయిపోయినట్టే అనుకుంటారు. అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్. అందరికీ తెలిసినవే ఎనిమిది ఉన్నాయి. మీ దగ్గర మిగిలినవి నాలుగు లైన్లు. మా మామయ్యగారు పట్టుదల మనిషి. లైట్ కాదన్నారా, అయితే నైట్. నైట్ కాదన్నారా, అయితే రైట్. అలా వరసగా కొట్టుకుంటూ పోయి ఎక్స్ తెచ్చుకుంటారు. అందులో జీ, హెచ్‌లను ఆయన జన్మలో నోటితో పలికింది లేదు, ఎవరూ పలకరు. పలకని అక్షరాలకు కూడా మీరు ధీమాగా పచ్చరంగు వేసేస్తారు.

దీనికి మందు మా అమ్మాయి చెప్పింది. తప్పని తెలిసే మూడో లైన్లో 'మెల్ట్స్' కొట్టాలట. ఒక్క దెబ్బకి ఎమ్, ఈ, ఎల్, ఎస్ తేలిపోతాయి. నాలుగూ బూడిదైతే నాలుగో లైన్లో 'ఫ్రంట్'. దాంతో ఎఫ్, ఆర్, ఎన్ సంగతి తెలుస్తుంది. ఆ మూడిట్లో ఏదీ వెలగకపోతే మిగిలింది టైటే. ఇదంతా మామయ్యగారికి వివరిస్తే, తెలిసి తెలిసి తప్పు రాయడమేమిటమ్మా అని నన్నే మందలించారు. పైగా ఆయన హార్డ్ మోడ్ పెట్టుకున్నారు. దొరికిన పచ్చల్ని ప్రతి లైన్లోనూ వాడి తీరాలన్న నియమం అది. ఏకాదశి ఉపవాసం కూడా ఆయన ఇంత నిష్ఠగా ఉండరు.

మొదటి మాట గురించీ ఇంట్లో పార్టీలు ఏర్పడ్డాయి. మరిదిది 'క్రేన్', తోటికోడలిది 'స్లేట్'. మా అత్తగారు మాత్రం 'అడ్యూ'. అచ్చులు నాలుగు ఒక్కసారే తేలతాయని లోకంలో ఎక్కువమంది దాంతోనే మొదలుపెడతారట. అచ్చులు తెలిస్తే ఏం లాభం, మాటను మాట నుంచి విడగొట్టేవి హల్లులే కదా అని మరిది వాదన. అత్తగారు వినరు. పొద్దున్నే పళ్లు తోముకోకుండా అందరికీ ఫ్రెంచిలో వీడ్కోలు చెప్పి, ఆ తర్వాతే దేవుడి గదిలోకి వెళతారు.

మా పెదబావగారిది ఇంకో దారి. ఇందులో కొత్తేముంది, పృచ్ఛకులు ప్రశ్నలడుగుతుంటే అప్పటికప్పుడు పద్యాలల్లే మన అవధానంలో ఎప్పుడో ఉన్నదే అంటారు. నిజం చెప్పాలంటే ఆ మాటలో కొంత పస ఉంది. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఈ అక్షరమే రావాలని పృచ్ఛకుడు అడిగితే న్యస్తాక్షరి. మీ పచ్చగడి అదే. నువ్వు తర్వాత వెయ్యబోయే అక్షరం ఇది కాకూడదని అడ్డుపడితే నిషిద్ధాక్షరి. అది మీ బూడిదగడి. ఒక వాక్యంలోని అక్షరాలను ముందువెనకలుగా, మధ్యమధ్యలో ఒక్కొక్కటే అందించి చివర్లో కూర్చమంటే వ్యస్తాక్షరి. మీ పసుపుగడికి దూరపు చుట్టం. కాకపోతే అవధానిగారు ఈ పనులన్నీ ఛందస్సు తప్పకుండా, యతిప్రాసలు చెడకుండా, కాగితం కలం ముట్టకుండా, పక్కన ఒకాయన గంట కొడుతుంటే ఆ దెబ్బలు కూడా లెక్కపెట్టుకుంటూ చెయ్యాలి. ఆరు ఛాన్సులు అడిగితే సభ నవ్వుతుంది. ఇదంతా విని మీరు సిగ్గుపడనక్కర్లేదు. మా తాతలు నేతులు తాగారని చెప్పే పెదబావగారు, మొన్న అవధాన సభలో మొదటి ఆవృత్తి పూర్తికాకముందే ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తీసింది మీ కోసమే.

అవధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటారు. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన డ్యూటీ. మా గ్రూపులో ఆ పదవి మా ఆడపడుచుది. మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఏ ఊరి అర్ధరాత్రికి ఆ ఊళ్లో కొత్త మాట తెరుస్తారు కదా మీరు. మేమిక్కడ సాయంత్రం సీరియల్ చూస్తుండగానే ఆవిడకు రేపటి మాట వచ్చేస్తుంది. మాకు అర్ధరాత్రి దాటి అది తెరుచుకునేసరికి డాలస్‌లో మా అమ్మాయి ఇంకా నిన్నటి లంచ్‌లోనే ఉంటుంది. గళ్లు మాత్రమే పంపితే ఏ అక్షరమూ బయటపడకుండా మీరు జాగ్రత్తగానే ఏర్పాటు చేశారు. కానీ మా ఆడపడుచు గళ్లతో ఊరుకోదు. "ఇవాళ్టిది మన వంటింట్లోదే వదినా, ఆలోచించుకో" అని వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఇక నాకు పప్పు డబ్బా కనపడినా టెన్షనే, గరిటె కనపడినా టెన్షనే.

అందుకని నా అర్జీ ఒక్కటే. మెల్‌బోర్న్‌కు మాటను ఆఖర్న ఇవ్వండి. భూమి తిరిగే దిక్కు మార్చడం మీ చేతిలో లేదంటారా, అయితే వారానికి రెండుసార్లు ఐ జీ హెచ్ టీ పెట్టండి. మా ఆడపడుచు కూడా హార్డ్ మోడే ఆడుతుంది, వాళ్ల నాన్నగారి కూతురు కదా. అదే మాట లోకమంతటికీ వస్తుంది, మీకూ వస్తుందమ్మా అంటారేమో. రానివ్వండి. నాకు మెల్ట్స్ ఉంది, ఫ్రంట్ ఉంది.

ఇట్లు,
ఒక వదినగారు