చెప్పుకోలేని గాయానికి కంటి కదలికల చికిత్స

అత్యాచారానికి గురైన మహిళ తనకు జరిగినదాన్ని ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తుందో ఆలోచించండి. పోలీసు స్టేషన్‌లో, వైద్య పరీక్ష దగ్గర, మెజిస్ట్రేట్ ముందు, ఆపైన కోర్టులో ఎదుటి పక్షం న్యాయవాది ప్రశ్నలకు. ఇన్ని చోట్ల చెప్పి అలసిపోయిన మనిషిని మానసిక చికిత్సలోనూ "మొదటి నుంచి చెప్పమ్మా" అంటే మళ్లీ ఆ గడప తొక్కుతుందా? ఈఎండీఆర్ అనే కంటి కదలికల చికిత్స మనకు ఎంతో అవసరమని నేను నమ్మడానికి మొదటి కారణం ఇదే. అందులో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు.

ఆ ఘటనలో తనను అన్నిటికన్నా ఎక్కువగా వేధించే దృశ్యాన్ని ఆమె మనసులోకి తెచ్చుకుంటుంది. 'తప్పు నాదే' వంటి, తన మీద తనకే ఏర్పడిన నమ్మకాన్ని గుర్తిస్తుంది. ఆ బాధ ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించి, దాని తీవ్రతకు 0 నుంచి 10 లోపు ఒక అంకె చెబుతుంది. అప్పుడు థెరపిస్టు వేలిని అటూ ఇటూ కదుపుతుంటే తల తిప్పకుండా చూపుతో అనుసరిస్తుంది. కొన్ని క్షణాల తర్వాత ఆపి, ఇప్పుడు ఏమి తోస్తోందని అడుగుతారు. ఒక్క మాట చెప్పినా చాలు. ఆ అంకె తగ్గేవరకు, ఒకటికి మించిన సిట్టింగుల్లో, ఇలా సాగుతుంది. జ్ఞాపకం చెరిగిపోదు. అది గుర్తుకొచ్చిన ప్రతిసారీ గుండె దడ, చెమట, ఊపిరాడనితనం రాకుండా చేయడమే లక్ష్యం.

అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షపీరో 1987లో దీనికి బీజం వేశారు. 1989లో ప్రచురించిన ఆమె తొలి అధ్యయనంలో పాల్గొన్నది 22 మందే కాబట్టి శాస్త్రవేత్తలు అనుమానంగా చూడటంలో వింత లేదు. ఆ తర్వాత పరిశోధనలు పెరిగాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఘాతానంతర మానసిక రుగ్మతకు, అంటే భయానక ఘటన తర్వాత మనిషిని వదలకుండా వేధించే మానసిక సమస్యకు (పీటీఎస్‌డీ), దీన్ని సిఫారసు చేసింది. వివరంగా వర్ణించడం గానీ, ఇంటి దగ్గర చేసుకురావాల్సిన అభ్యాసాలు గానీ ఇందులో ఉండవని ప్రత్యేకంగా పేర్కొంది. 2017లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాత్రం షరతులతో కూడిన సిఫారసు దగ్గరే ఆగింది.

అసలు వివాదం కళ్ల గురించే. కదలిక ఉన్నా లేకున్నా ఫలితం ఒకటేనని 2001 నాటి ఒక విశ్లేషణ తేల్చింది. కదలిక వల్ల అదనపు మేలు ఉందని 2013 నాటి మరొకటి చెప్పింది. నాకు సబబుగా తోచే వివరణ ఇది: ఒక సమయంలో మనసు మోయగల పని పరిమితమే. చూపుతో వేలిని వెంబడిస్తూనే భయానక దృశ్యాన్ని నిలుపుకోబోతే, ఆ దృశ్యం పదును తగ్గుతుంది. ఈ వాదం ఎటు తేలినా, చికిత్స మొత్తంగా పనిచేస్తోందన్నది మాత్రం పరీక్షకు నిలిచిన విషయం.

వేలి కదలికే చికిత్స అనుకుని వీడియోలు, యాప్‌లు చూస్తూ ఇంట్లో సొంతంగా ప్రయత్నించేవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. ఇందులో ఎనిమిది దశలున్నాయి. మొదటి రెండూ గతాన్ని తెలుసుకోవడానికి, మనిషిని సిద్ధం చేయడానికే. జ్ఞాపకం ఉప్పెనలా ముంచుకొస్తే తిరిగి ఈ క్షణంలోకి ఎలా రావాలో ముందే నేర్పుతారు. అది నేర్వకుండా పాత గాయాన్ని కదిలించడం ప్రమాదం. కొట్టే భర్తతో ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్న స్త్రీకి ముందు కావలసింది భద్రత.

2001 గుజరాత్ భూకంపం తర్వాత విదేశీ శిక్షకులు వచ్చి మన దేశంలోని చికిత్సకులకు ఈ పద్ధతి నేర్పారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు ప్రాణాలకు, ఊపిరితిత్తులకు నష్టం లెక్కగట్టాం. అర్ధరాత్రి దాటాక పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినవారి నిద్రకు లెక్క ఎవరు కట్టారు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. హింసకు గురైన మహిళల కోసం జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. ప్రతి కేంద్రానికీ ఈ చికిత్సలో శిక్షణ పొందిన ఒక క్లినికల్ సైకాలజిస్టును, ఆ సైకాలజిస్టు పనిని పర్యవేక్షించే ఒక అనుభవజ్ఞుడిని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు నియమించాలి. రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్లు పంచితే కుదరదు.