ఏ 30 శాతం అన్నదే ముఖ్యం

జీవవైవిధ్యం కోసం 2030 నాటికి ప్రపంచంలోని నేలలో, సముద్రంలో 30 శాతం కాపాడాలని దేశాలు 2022లో మాంట్రియల్‌లో చేసుకున్న ఒప్పందాన్ని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో బాగా వివరించారు. నా టెన్షన్ అంతా ఏ 30 శాతం అన్నదాని గురించే. చెంచా ముక్కు ఉల్లంకి పిట్టనే చూడండి. పిచ్చుకంత ఉంటుంది. రష్యా ఈశాన్య కొసన గుడ్లు పెట్టి, చలికాలానికి మయన్మార్, బంగ్లాదేశ్ తీరాలకు వస్తుంది. దారిలో చైనా, కొరియాల మధ్య ఉన్న ఎల్లో సీ తీరపు బురద నేలల్లో దిగి, ఆ ముక్కును అటూ ఇటూ ఆడిస్తూ కడుపు నింపుకోవాలి. ఆ బురదను పూడ్చేస్తే మిగతా దేశాలు ఎంత కాపాడినా ఏం లాభం? 2019లో చైనా, 2021లో దక్షిణ కొరియా అక్కడి కొన్ని చోట్లకు ప్రపంచ వారసత్వ గుర్తింపు తెచ్చుకున్నాయి, సంతోషం. అంతర్జాతీయ నిధులు ముందు ఇలాంటి చోట్లకే అందాలి. ఎవరూ ముట్టుకోని నేలను లెక్కలో చూపించి 30 శాతం అయిపోయిందంటే మాత్రం ఒప్పుకోలేను.