పాతవ్రత్య మహిమ

తెలుగులో గుడ్డకు మాటల కరువు లేదు. వస్త్రం, వలువ, పుట్టం, కోక, చేలం, అంబరం. ప్రేమకూ లేదు. మక్కువ, మురిపెం, మమకారం, అనురాగం. ఈ రెండింటికీ ముడివేసి, పాత లుంగీ మీద మగవాడికుండే ప్రేమకు ఒక్క మాటైనా పుట్టించాలన్న ఆలోచన మాత్రం ఏ పండితుడికీ వచ్చినట్టు లేదు. బ్రౌన్ దొర నిఘంటువు 1852లో అచ్చయింది. అప్పటినుంచి ఎన్ని లుంగీలు చిరిగి ఉంటాయి! ఈ లోటు వెంటనే పూడ్చాలి.

మొదటి మాట 'పాతవ్రత్యం'. పండక్కి కొన్న జతలు బీరువాలో మడత విప్పకుండా పడి ఉన్నా, కట్టిన లుంగీని తప్ప మరొకదాన్ని కన్నెత్తి చూడకపోవడం దీని లక్షణం. పాతవ్రత్యం గల గృహస్థు లుంగీని పరిశీలించండి. గళ్ళు ఒకప్పుడు నీలమో ఆకుపచ్చో ఆయనకే తెలియాలి. గంజి ఏనాడో వదిలింది. ఉతికినకొద్దీ నూలు అరిగి, కూర్చునే చోట ఎంత పలచబడిందంటే, దానిలోంచి ఎదురింటివాళ్ళ గోడ గడియారంలో టైము చూడవచ్చు. కొత్తది కట్టుకోమని ఇంట్లో అడిగితే ఆయన జవాబు ఒక్కటే: "ఇంట్లోనేగా ఉండేది!" ఈ వాక్యానికి శాస్త్రంలో 'లుంగీకారం' అని పేరు. అంగీకారానికి ఇది సరిగ్గా విరుద్ధం.

దండెం మీద లుంగీ ఆరేదాకా తువ్వాలు చుట్టుకుని, మబ్బులకేసి చూస్తూ గదులన్నీ తిరగడం 'ఆరవేదన'. వానాకాలంలో ముదురుతుంది. చుట్టం చూపు చిరుగు మీద పడగానే కాలు మీద కాలు వేసుకుంటూ నవ్వేది 'చిరుగునవ్వు'.

ఆడవాళ్ళకు ఈ గుణం లేదనుకుంటే పొరపాటు. నైటీ మీద చున్నీ కప్పుకుంటే వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్ళవచ్చు, అది దాటితే తప్పు. ఈ కట్టుబాటు ఎవరూ రాయలేదు, అందరూ పాటిస్తున్నారు. దీన్ని 'నైటీకత' అనడం సబబు.

'పాత' తెలుగు, 'వ్రత్యం' సంస్కృతం, కలిపితే వైరి సమాసమని వ్యాకరణవేత్తలు అభ్యంతరం చెబుతారని తెలుసు. ఆ లుంగీ గురించి ఇంట్లో జరిగే సంభాషణలన్నీ వైరి సమాసాలే కాబట్టి ఈ అభ్యంతరం చెల్లదు.

ఒక్క మాట మాత్రం ఇంకా కుదరలేదు. గృహస్థు ఆఫీసుకు వెళ్ళిన వేళ, పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి వస్తాడు. రెండు ప్యాంట్లు తీసుకుని గిన్నె ఇస్తాడు. లుంగీని ఉత్తినే ఇస్తామన్నా పుచ్చుకోడు. సాయంత్రం అదే గిన్నెలో పొగలు కక్కుతూ పులుసు వస్తుంది. దాన్ని పట్టుకున్న మసిగుడ్డ మీద ఆ గళ్ళు గుర్తుపట్టిన క్షణంలో ఆయనకు కలిగే భావానికి పేరు కావాలి. పండితులు సూచనలు పంపవచ్చు. 'ఏడుపు' అని మాత్రం రాయవద్దు, అది ఇప్పటికే నిఘంటువులో ఉంది.