అన్నీ ఫైవ్‌నైనే

హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదా కోసం నడిపే వైర్‌లెస్‌లో, అవతలి స్టేషన్ ఎలా వినబడుతోందో చెప్పడానికి ఒక కొలత ఉంది. మాట స్పష్టతకు 5 మార్కులు, సిగ్నల్ బలానికి 9 మార్కులు. రెండూ కలిపి 59 ఇచ్చారంటే అంతకన్నా బాగా వినబడడం కుదరదని అర్థం. పద్ధతి చక్కనిదే. ఆచరణలో మనవాళ్ళు ఏమంటారంటే, "మీరు ఫైవ్‌నైన్ ఓఎం గారూ, బ్రహ్మాండం! పేరూ ఊరూ ఇంకోసారి చెప్తారా, ఏమీ తెలియలేదు." (ఓఎం అంటే ఓల్డ్ మ్యాన్, హ్యామ్‌లు ఒకరినొకరు పిలుచుకునే మాట.) ఈ ఔదార్యం గాలిలో ఉన్నంతసేపు ఎవరికీ నష్టం లేదు. అదే చేత్తో పాత రేడియో సెట్లు అమ్మడానికి దిగినప్పుడే విశాఖపట్నం పౌరులను హెచ్చరించాల్సి వస్తోంది.

మనది ఉప్పుగాలి ఊరు. గేట్లు, కిటికీ ఊచలు, ఏసీ బయటి యూనిట్లు, అన్నీ తుప్పు పడతాయి. అమ్మకానికి వచ్చిన రేడియో ఒక్కటే పట్టదు. "మాది సీతమ్మధారండీ, బీచ్‌కి దూరం" అంటారు, ఉప్పుగాలి మద్దిలపాలెం జంక్షన్‌లో రెడ్ సిగ్నల్ పడి ఆగిపోయినట్టు. యాంటెన్నా కేబుల్ చివర ఉండే పీఎల్-259 కనెక్టర్ విప్పితే లోపల రాగి పచ్చగా మెరుస్తుంది. "కాస్త క్లీన్ చేసుకుంటే చాలు."

ఇక యాంటెన్నాల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అప్పుడు హ్యామ్‌లు కబుర్లు అందించారు. దాని గురించి వ్యంగ్యం లేదు, దండం పెట్టాల్సిందే. ఆ గాలికి కైలాసగిరి మీది వాతావరణ శాఖ డాప్లర్ రాడారే దెబ్బతింది. కానీ ఊళ్ళో ఇవాళ అమ్మకానికున్న ప్రతి యాగీ యాంటెన్నా "హుద్‌హుద్‌కి చెక్కుచెదరలేదండీ" అన్న కితాబుతోనే వస్తుంది. వాటిలో కొన్ని ఆ తుఫాను తర్వాత కొన్నవి కావడం వేరే సంగతి.

అమ్మేవారి మాటలు అర్థం చేసుకోవడానికి కొంత సాధన కావాలి. "రిసీవ్ సూపర్" అన్నారంటే ట్రాన్స్‌మిట్ గురించి అడగడం మర్యాద కాదు. అయినా అడిగితే, "నేను ఎక్కువ వినడానికే వాడానండీ" అంటారు. సిగ్నల్‌ను బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్లు స్వర్గస్థులయ్యాయని గ్రహించాలి. "ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువున్నా తట్టుకుంటుంది" అంటే, యాంటెన్నా నుంచి శక్తి వెనక్కి తన్నినా సెట్ పాడవదని. అన్నది నిజమే. తట్టుకుంది, ఒక్కసారి. "సింగిల్ హ్యాండ్ యూజ్" అన్నది కూడా అబద్ధం కాదు, ఎవరి హ్యాండో చెప్పలేదంతే.

ఎందుకు అమ్ముతున్నారంటే అందరిదీ ఒకటే జవాబు: అప్‌గ్రేడ్. ఐకామ్ కంపెనీ పాత సెట్ 718 అమ్మి, కొత్త సెట్ 7300 కొంటారు. కొన్నాళ్ళకు 7300 అమ్మి, "ఆ పాత 718లో ఉన్న హాయి వేరండీ" అంటూ దాన్నే వెతుకుతారు. ఈలోగా అది గాజువాక వెళ్ళి, పెందుర్తి మీదుగా ఎంవీపీ కాలనీ చేరి ఉంటుంది. నా పరిశీలనలో మన ఊరి సెట్లు గాలిలో పంపిన సిగ్నల్ కంటే స్కూటర్ ముందు పెట్టించుకుని తిరిగిన దూరమే ఎక్కువ.

సొంతంగా కట్టిన సెట్లది ఇంకో కథ. హైదరాబాద్‌కు చెందిన అశ్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే సెట్‌ను రూపొందించిందే తక్కువ ఖర్చులో, మామూలు విడిభాగాలతో ఎవరైనా ఇంట్లో కట్టుకోవాలని. ప్రపంచమంతా కట్టుకుంది. మనవాళ్ళూ కట్టారు, స్టీలు టిఫిన్ డబ్బాలో కూడా పెట్టారు. అమ్మే రోజు వచ్చేసరికి విడిభాగాల ధరకు డబ్బా ధర, నిద్ర మానుకున్న రాత్రుల ధర, చేతి కాలిన మచ్చ ధర కలిసి ఫ్యాక్టరీ సెట్‌ని దాటేస్తాయి.

కొనేవారేమీ అమాయకులు కారు. సెట్ చూడకముందే "లాస్ట్ ఎంత?" అంటారు. 13.8 వోల్టుల పవర్ సప్లై, మైకు, కేబుల్ ఉచితంగా రావాలంటారు. యాంటెన్నాకు బదులు తగిలించి పరీక్షించే డమ్మీ లోడ్ పెట్టి చూసుకోండంటే మొహమాటపడి, పెట్టె మీద రెండుసార్లు తట్టి తృప్తిపడతారు. ఇంటికి తీసుకెళ్ళి "ఫ్రెండ్‌ది, రిపేరుకిచ్చాడు" అని చెప్తారు. ఆ ఫ్రెండ్ ఎప్పటికీ రాడు.

చట్టం మాత్రం చాలా గట్టిది. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్ దగ్గర ఉంచుకోవడమే నేరం. అంటే అమ్మేవారు కొనేవారి లైసెన్సు కాగితం చూడాలి. కొనేవారు గాలిలో చెప్పుకునే గుర్తు పేరు (కాల్‌సైన్) విని, "వీయూ త్రీ అన్నారుగా, చాల్లెండి" అంటారు. పైగా హ్యామ్ బ్యాండ్లలో వ్యాపారం మాట్లాడకూడదు. అందుకని గంటసేపు 7 మెగాహెర్ట్జ్‌లో సెట్ గుణగణాలు వర్ణించుకున్న ఇద్దరు, ధర దగ్గరకు రాగానే గొంతు తగ్గించి "మిగతాది వాట్సాప్‌లో" అని మైకు వదిలేస్తారు.

కాబట్టి ఢిల్లీలో లైసెన్సులిచ్చే పెద్దలకు ఒక విన్నపం. ఇప్పటి పరీక్షలో రేడియో సిద్ధాంతం ఉంది, నిబంధనలున్నాయి, పై స్థాయి లైసెన్సైన జనరల్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ ఉంది. బేరం పేపర్ లేదు. వెంటనే చేర్చాలి. నమూనా ప్రశ్న: "చాలా రోజులుగా ఆన్ చేయలేదు, కానీ పని చేస్తుంది" అని అమ్మేవారు అన్నారు. ఆయనకు ఆ సంగతి ఎలా తెలిసిందో ఓమ్ సూత్రం సాయంతో వివరించండి.